సైట్ ఒకటే, భాషలు మూడు: లింక్ దారి తప్పకుండా ఉండాలంటే

కిందటేడు మా చెల్లెలు ఒక ప్రైవేట్ సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఫోన్‌లోనే అప్లై చేసింది. సైట్‌లో భాష తెలుగు పెట్టుకుని, ఏ ఏ కాగితాలు కావాలో చదువుకుని, అదే పేజీ లింక్‌ను అబ్బాకు వాట్సాప్‌లో పంపింది. అబ్బా పాశమైలారంలో డ్యూటీలో ఉన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు మీసేవకు వెళ్లి, ఆ లిస్టులో ఉన్న ఆదాయ సర్టిఫికెట్‌కు అప్లై చేసి రావాలి. అదీ పని. అబ్బా ఫోన్‌లో ఆ లింక్ ఇంగ్లీష్‌లో తెరుచుకుంది. అది కూడా లిస్టు ఉన్న పేజీ కాదు, హోమ్ పేజీ. ఆయనకు ఉర్దూ బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లీష్ రాదు. 'ఏదో అడ్వర్టైజ్‌మెంట్ పంపినవనుకున్నా బేటా' అన్నారు రాత్రి. ఆఖరు తేదీలోపు సర్టిఫికెట్ చేతికి రాలేదు.

తప్పు అబ్బాది కాదు, చెల్లెలిదీ కాదు. ఆ సైట్‌లో తెలుగు అనువాదం ఉంది, బాగానే ఉంది కూడా. లేనిదల్లా ఆ తెలుగు పేజీకి తనదంటూ ఒక అడ్రస్. భాషను ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నారు, లింక్‌లో పెట్టలేదు. అందుకే లింక్ చేతులు మారగానే భాష కూడా మారిపోయింది.

ఇప్పుడు మన దగ్గర మస్జిద్ కమిటీలు, ట్యూషన్ సెంటర్లు, క్లినిక్‌లు, హాస్టళ్లు, చిన్న చిన్న కంపెనీలు అందరూ సైట్లు పెట్టుకుంటున్నారు. ఇంట్లో బీటెక్ చదివే పిల్లలే చాలాసార్లు వాటిని తయారు చేస్తున్నారు. రెండు మూడు భాషల్లో సైట్ పెట్టాలంటే దారులు ఎలా వేయాలో ఇక్కడ ఒక్కొక్కటిగా చూద్దాం. సైట్ చేసేవాళ్లకు పని విధానం తెలుస్తుంది, చేయించుకునేవాళ్లకు ఏం అడగాలో తెలుస్తుంది.

రూటింగ్ అంటే ఏంటి?

పటాన్‌చెరు బస్టాండ్‌లో 218 వస్తే అది కోఠి బండి, 219 వస్తే సికింద్రాబాద్ బండి అని మనకు తెలుసు. బోర్డు చదవకపోయినా నంబర్ చూసి ఎక్కేస్తాం. వెబ్ అప్లికేషన్‌లో ఆ నంబర్ లాంటిదే అడ్రస్. ఒక అడ్రస్ అడిగితే ఏ పేజీ ఇవ్వాలో సర్వర్‌లోని ప్రోగ్రామ్ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం చేసే భాగాన్నే రూటింగ్ అంటారు.

సైట్ ఒకే భాషలో ఉంటే 'స్కాలర్‌షిప్' అనే అడ్రస్‌కు ఒకే పేజీ. మూడు భాషలైతే అదే విషయానికి మూడు పేజీలు. ఏది ఇవ్వాలి? ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. మొదటిది, అడ్రస్ ఒకటే ఉంచి, మనిషిని బట్టి భాష మార్చడం. రెండోది, ప్రతి భాషకు వేరే అడ్రస్ ఇవ్వడం. చెల్లెలు వాడిన సైట్ మొదటి పద్ధతిలో ఉంది. మనకు కావాల్సింది రెండోది. అబ్బా, అమ్మీ, నానీ, పిల్లలు తలా ఒక భాషలో చదివే ఇళ్లలో లింక్ తనంతట తానే భాషను మోసుకుని వెళ్లాలి.

అడ్రస్‌లో భాషను ఎక్కడ పెట్టాలి?

మూడు చోట్ల పెట్టవచ్చు.

ఒకటి, సైట్ పేరుకు ముందు. దీన్ని సబ్‌డొమైన్ అంటారు. వికీపీడియా ఇలాగే నడుస్తుంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో మొదలయ్యాయి. తెలుగుది టీ-ఈ అక్షరాలతో, ఉర్దూది యూ-ఆర్ అక్షరాలతో మొదలయ్యే వేర్వేరు అడ్రస్‌లు. ఒక్కో భాషకు ఒక్కో సంపాదక బృందం, ఒక్కో రకం పేజీలు ఉండే పెద్ద సంస్థలకు ఇది సరిపోతుంది. చిన్న సైట్‌కు మాత్రం పని పెరుగుతుంది. ప్రతి సబ్‌డొమైన్‌కు సెట్టింగ్ చేయాలి, సెక్యూరిటీ సర్టిఫికెట్ అన్నిటికీ పనిచేసేలా చూడాలి, ఒక దాంట్లో లాగిన్ అయినవాళ్లు ఇంకో దాంట్లో కూడా లాగిన్ అయి ఉండేలా కుకీలను సరిచేయాలి.

రెండు, సైట్ పేరు తర్వాత. గీత పెట్టి భాష గుర్తు, మళ్లీ గీత పెట్టి పేజీ పేరు. బీబీసీ ఈ తరహాలోనే సైట్ పేరు తర్వాత భాష పేరు పెడుతుంది. 2017 అక్టోబర్ 2న మొదలైన బీబీసీ తెలుగు అడ్రస్ కూడా అలాంటిదే. మన సంగారెడ్డి జిల్లా అధికారిక సైట్‌లో కూడా తెలుగు పేజీల అడ్రస్‌లో సైట్ పేరు తర్వాత టీ-ఈ అనే రెండక్షరాలు కనిపిస్తాయి. ఒకే సర్వర్, ఒకే సర్టిఫికెట్, ఒకే లాగిన్. చిన్న, మధ్య రకం సైట్లకు ఇదే మేలు.

మూడు, అడ్రస్ చివర ప్రశ్న గుర్తు పెట్టి 'భాష ఇది' అని తగిలించడం. పని జరుగుతుంది కానీ నమ్మకం తక్కువ. ఎవరైనా లింక్‌ను శుభ్రం చేద్దామని ప్రశ్న గుర్తు తర్వాతది కొట్టేస్తే భాష పోతుంది. సైట్‌లో ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్లేటప్పుడు ప్రతి లింక్‌కు అది తగిలించడం మర్చిపోతే కూడా పోతుంది.

ఇక నుంచి రెండో పద్ధతినే ఉదాహరణగా తీసుకుందాం.

భాష గుర్తులు సొంతంగా పెట్టొద్దు

ప్రతి భాషకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న గుర్తు ఉంది. తెలుగుకు టీ-ఈ, ఉర్దూకు యూ-ఆర్, హిందీకి హెచ్-ఐ, ఇంగ్లీష్‌కు ఈ-ఎన్. తెలుగు కదా అని టీ-ఎల్ పెట్టేవాళ్లున్నారు. అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగలాగ్ భాష గుర్తు. బ్రౌజర్, సెర్చ్ ఇంజిన్, కళ్లు కనిపించనివాళ్లకు పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అన్నీ ఈ గుర్తునే నమ్ముతాయి. గుర్తు తప్పయితే వాటి పని కూడా తప్పుతుంది. మన ఇళ్లలో మాట్లాడే దక్కనీకి కూడా మూడక్షరాల గుర్తు ఉంది, డీ-సీ-సీ. రాతలో మనం ఎలాగూ ఉర్దూనే వాడతాం కాబట్టి సైట్‌కు యూ-ఆర్ చాలు.

దేశం పేరు కూడా కలపవచ్చు. టీ-ఈ తర్వాత ఐ-ఎన్ అంటే భారతదేశపు తెలుగు. ఉర్దూకు భారత్‌ది వేరు, పాకిస్తాన్‌ది వేరు అని గుర్తులు ఉన్నాయి. మీ సైట్ దేశాన్ని బట్టి మారకపోతే రెండక్షరాల గుర్తే పెట్టండి.

భాషను ఎవరు నిర్ణయించాలి?

మొత్తం పనిలో అసలు కీలకం ఇదే. సర్వర్ ఈ వరుసలో చూడాలి.

1. అడ్రస్‌లో భాష గుర్తు ఉందా? ఉంటే అదే ఆఖరి మాట. ఇంక ఏదీ చూడొద్దు. టీ-ఈ లింక్ నొక్కితే, ఎవరి ఫోన్ అయినా, ఏ ఊర్లో అయినా తెలుగే రావాలి.

2. గుర్తు లేదు, ఉత్త సైట్ పేరు మాత్రమే కొట్టారు. అప్పుడు ఈ మనిషి ఇంతకు ముందు చేత్తో ఎంచుకున్న భాష కుకీలో ఉందేమో చూడాలి.

3. అదీ లేదు. అప్పుడు బ్రౌజర్ పంపే భాషల జాబితా చూడొచ్చు. ప్రతి బ్రౌజర్ పేజీ అడిగేటప్పుడు 'నాకు ఫలానా భాష ఇష్టం, అది లేకపోతే ఫలానా' అని ఒక వరుస పంపుతుంది. ఒక్కో భాషకు సున్నా నుంచి ఒకటి లోపు బరువు కూడా ఉంటుంది.

4. ఏదీ తేలకపోతే మీరు ముందే అనుకున్న భాష.

మూడో మెట్టు మీద చాలామంది అతిగా ఆధారపడతారు. మన దగ్గర అది సరిగా పనిచేయదు. మీ ఇంట్లో ఫోన్‌లన్నీ తీసి సెట్టింగ్స్ చూడండి. షాపులో ఎలా ఇచ్చారో అలాగే ఇంగ్లీష్‌లో ఉన్నవి ఎన్ని? నానీ ఫోన్ కూడా ఇంగ్లీష్‌లోనే ఉంటుంది, ఆమె పచ్చ బొమ్మ చూసి వాట్సాప్, ఎర్ర బొమ్మ చూసి యూట్యూబ్ నొక్కుతుంది. ఆ ఫోన్ సైట్‌కు పంపే కబురు 'నాకు ఇంగ్లీష్ కావాలి' అని. సైట్ నమ్మేస్తుంది.

ఇంకో ఊహ కూడా చేస్తారు. లాగిన్‌లో ముస్లిం పేరు కనిపించగానే ఉర్దూ పేజీ చూపించడం. ఇది ఇంకా తప్పు. మన ఇళ్లలోనే చూడండి. తెలుగు మీడియంలో చదివి, తెలుగులోనే పేపర్ చదివి, ఉర్దూ లిపి రానివాళ్లు ఎందరో ఉన్నారు. ఈ తెలుగు విభాగం చదివే మీరే సాక్ష్యం. అలాగే ఉర్దూ తప్ప ఇంకోటి చదవలేని పెద్దవాళ్లూ ఉన్నారు. పేరు చూసి భాష చెప్పలేం. ఏ రాష్ట్రం నుంచి ఇంటర్నెట్ వస్తుందో చూసినా చెప్పలేం. పటాన్‌చెరులో ఒకే టవర్ కింద తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా చదివేవాళ్లు ఉంటారు.

కాబట్టి ఊహను సలహాగానే వాడండి, తీర్పుగా వాడొద్దు. తెలుగు పేజీ తెరిచిన మనిషి బ్రౌజర్ ఉర్దూ అడుగుతుంటే, పైన ఒక చిన్న పట్టీలో 'ఈ పేజీ ఉర్దూలో కూడా ఉంది' అని ఉర్దూలోనే రాసి లింక్ ఇవ్వండి. నొక్కితే వెళ్తారు, లేకపోతే లేదు. బలవంతంగా మళ్లించొద్దు.

ఉత్త సైట్ పేరు కొట్టినవాళ్లకు మరీ మంచి పద్ధతి, మొదటిసారి మూడు భాషల పేర్లు పెద్ద అక్షరాలతో చూపించి ఎంచుకోమనడం. ఒక్కసారే. ఎంచుకున్నది కుకీలో ఉంటుంది.

పని ఎలా మొదలుపెట్టాలి?

ఏ భాషలో ప్రోగ్రామ్ రాసినా ముందు ఒక జాబితా పెట్టుకోవాలి: ఈ సైట్‌లో ఉన్న భాషలు ఇవే, డిఫాల్ట్ ఇది. అడ్రస్‌లో మొదటి ముక్క ఈ జాబితాలో ఉంటేనే అది భాష. ఈ చెక్ పెట్టకపోతే తమాషాగా ఉంటుంది. ఎవరైనా 'కాంటాక్ట్' పేజీ అడిగితే ప్రోగ్రామ్ 'కాంటాక్ట్' అనేది ఒక భాష అనుకుంటుంది. జాబితాలో లేని గుర్తు వస్తే 'పేజీ లేదు' అని చెప్పాలి, మౌనంగా ఇంగ్లీష్ ఇవ్వకూడదు.

జాంగోలో దీనికి ఏర్పాటు లోపలే ఉంది. అడ్రస్‌ల జాబితాను 'ఐ18ఎన్ ప్యాటర్న్స్' అనే ఫంక్షన్‌లో పెడితే ప్రతి అడ్రస్ ముందు భాష గుర్తు చేరుతుంది. దానితో పాటు 'లొకేల్ మిడిల్‌వేర్'ను సెషన్ మిడిల్‌వేర్ తర్వాత, కామన్ మిడిల్‌వేర్‌కు ముందు పెట్టాలి. ఈ వరుస తప్పితే భాష సరిగా పట్టదు. అది చూసే క్రమం కూడా మనం పైన చెప్పుకున్నదే: అడ్రస్, తర్వాత కుకీ, తర్వాత బ్రౌజర్ జాబితా, చివరికి డిఫాల్ట్.

లారవెల్‌లో రూట్‌లన్నిటినీ ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకు ముందు భాష అనే మారే ముక్కను ఉంచుతారు. ఆ ముక్కకు జాబితాలోని విలువలే ఒప్పుకునేలా నిబంధన పెట్టి, మిడిల్‌వేర్‌లో అప్లికేషన్ భాషను దాని ప్రకారం మారుస్తారు.

నెక్స్ట్ జేఎస్‌లో పదో వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, భాషల రూటింగ్ సెట్టింగ్ వచ్చింది. కొత్త యాప్ రూటర్ వాడితే ఆ సెట్టింగ్ పనిచేయదు. పేజీలన్నిటినీ భాష పేరుతో ఉండే ఒక ఫోల్డర్‌లో పెట్టి, మళ్లింపు కోడ్ మనమే రాసుకోవాలి. పాత పాఠాలు చూసి కొత్త ప్రాజెక్టులో అదే సెట్టింగ్ పెట్టి, ఎందుకు రావట్లేదని తల పట్టుకునే పిల్లలు చాలామంది.

కోడ్ రాయనివాళ్లు వర్డ్‌ప్రెస్‌లో పాలీల్యాంగ్ లాంటి ప్లగిన్ పెట్టుకోవచ్చు. దాంట్లో కూడా 'భాషను అడ్రస్‌లో చూపించు' అనే ఎంపిక తీసుకోండి. బ్రౌజర్ భాషను పట్టుకుని మళ్లించే ఎంపిక ఆపేయండి.

ఇంకో చిన్న తప్పు. బ్రౌజర్ 'టీ-ఈ, ఐ-ఎన్' అని అడుగుతుంది, మీ జాబితాలో ఉత్త 'టీ-ఈ' ఉంటుంది. రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకటేనా అని పోలిస్తే కలవవు, తెలుగు అడిగినవాళ్లకు ఇంగ్లీష్ పోతుంది. మొదటి రెండక్షరాలు పోల్చేలా చూడండి.

భాష గుర్తు పెట్టకూడనివి

అన్నిటికీ ముందు భాష గుర్తు తగిలించొద్దు. ఫొటోలు, ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు తమలో తాము మాట్లాడుకునే అడ్రస్‌లు వీటిని మళ్లింపు నుంచి తప్పించాలి.

అన్నిటికంటే ముఖ్యం డబ్బు విషయం. మస్జిద్ చందా, సదకా, ట్యూషన్ ఫీజు ఆన్‌లైన్‌లో తీసుకుంటే, డబ్బు కట్టిన వెంటనే పేమెంట్ గేట్‌వే మీ సర్వర్‌కు ఒక కబురు పంపుతుంది. ఆ అడ్రస్‌ను కూడా మీ ప్రోగ్రామ్ 'భాష గుర్తు లేదు' అని వేరే చోటికి మళ్లిస్తే, దారిలో ఆ కబురులోని వివరాలు రాలిపోవచ్చు. 301, 302 మళ్లింపుల్లో పంపిన సమాచారం పోయి ఉత్త పేజీ అడగడంగా మారిపోవడం మామూలే. ఫలితం, ఖాతాలో డబ్బు కట్ అవుతుంది, సైట్‌లో 'చెల్లించలేదు' అని ఉంటుంది. లెక్క కుదరదు, కమిటీ మీద అనుమానం వస్తుంది. గేట్‌వే కబురు వచ్చే అడ్రస్‌ను మళ్లింపు నుంచి పూర్తిగా తీసేయండి.

మళ్లింపుల గురించే ఇంకో మాట. 301 అంటే 'శాశ్వతంగా మారింది' అని అర్థం. బ్రౌజర్ దాన్ని గుర్తు పెట్టుకుంటుంది. భాషను బట్టి మళ్లించడానికి 301 వాడితే, ఒకసారి ఇంగ్లీష్‌కు పోయిన ఫోన్ తర్వాత భాష మార్చుకున్నా ఇంగ్లీష్‌కే పోతుంటుంది. దీనికి 302 లేదా 307 వాడాలి. 301 వాడాల్సింది ఒకే చోట: ఇన్నాళ్లూ ఒకే భాషలో నడిచిన సైట్‌ను భాష గుర్తులతో మార్చినప్పుడు, పాత లింక్‌లు ఏ భాషలో రాసినవో ఆ భాష కొత్త అడ్రస్‌కు పంపడానికి. వాట్సాప్ గ్రూపుల్లో, పాంప్లెట్ల మీద ముద్రించిన పాత లింక్‌లు చచ్చిపోకుండా ఉంటాయి.

ఉర్దూ పేజీ అంటే అక్షరాలు మార్చడమే కాదు

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. రూటింగ్ భాషను తేల్చగానే పేజీ మొదట్లో రెండు సంగతులు చెప్పాలి: భాష ఏది, దిక్కు ఏది. దిక్కు చెప్పకపోతే వాక్యం చివరి చుక్క మొదటికి వస్తుంది, ఫోన్ నంబర్ల చుట్టూ ఉన్న గుర్తులు తారుమారవుతాయి. డిజైన్‌లో 'ఎడమ', 'కుడి' అని కొలతలు రాయకుండా 'మొదలు', 'చివర' అని రాసే పద్ధతి ఇప్పుడు అన్ని బ్రౌజర్లలో ఉంది. అలా రాస్తే దిక్కు మారగానే మెనూ, బటన్లు వాటంతట అవే తిరుగుతాయి.

మన పెద్దవాళ్లు చదివేది నస్తాలీఖ్ రాత. ఫాంట్ చెప్పకపోతే చాలా ఫోన్‌లలో అరబ్బీ నస్ఖ్ తరహాలో వస్తుంది, వాళ్లకు అలవాటు ఉండదు. నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఈ రాత ఏటవాలుగా కిందికి దిగుతుంది కాబట్టి వరుసల మధ్య ఎడం తెలుగు కంటే ఎక్కువ ఇవ్వాలి.

అనువాదం లేని పేజీని ఏం చేయాలి?

పది పేజీలు తెలుగులో ఉంటే ఆరే ఉర్దూలో ఉంటాయి. ఇది అందరికీ ఉండే సమస్య. మిగతా నాలుగింటికి యూ-ఆర్ అడ్రస్ ఇచ్చి లోపల ఇంగ్లీష్ పెట్టడం మోసం లాంటిది. ఉర్దూ అనుకుని నొక్కినవాళ్లకు చదవరానిది కనిపిస్తుంది. దానికి బదులు ఉర్దూలోనే రెండు ముక్కలు రాయండి: ఈ పేజీ ఇంకా ఉర్దూలో లేదు, తెలుగులో ఉంది, ఈ ఫోన్ నంబర్‌కు అడగండి. అంతే చాలు, మనిషి ఇంట్లో పిల్లలతో తెలుగు పేజీ చదివించుకుంటాడు.

అన్ని పేజీలు అనువాదం చేసే శక్తి లేకపోతే ముందు ఏవి చేయాలి? డబ్బు, తేదీ, ప్రాణం. ఫీజులు, ఆఖరు తేదీలు, కావాల్సిన కాగితాలు, డాక్టర్ టైమింగులు, అత్యవసర నంబర్లు. 'మా గురించి' పేజీ తర్వాత చూసుకోవచ్చు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. అక్కడ పనిచేసేవాళ్లలో బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు చాలామంది. అలాంటి రోజున హెల్ప్‌లైన్ నంబర్, ఆస్పత్రి పేరు ఉన్న ఒక లింక్ వందల చేతులు మారుతుంది. అది ప్రతి చేతిలో చదవగలిగే భాషలో తెరుచుకోవాలి. ఈ బెల్ట్‌లో సైట్ పెట్టే కంపెనీలు, కాంట్రాక్టర్లు కనీసం భద్రతా పేజీకైనా తెలుగు, హిందీ, ఉర్దూ, ఒడియా అడ్రస్‌లు విడిగా పెట్టుకోవాలి.

భాష మార్చే బటన్

బటన్ ప్రతి పేజీలో, పైనే ఉండాలి. భాష పేరు ఆ భాష లిపిలోనే రాయాలి. ఇంగ్లీష్‌లో 'ఉర్దూ' అని రాస్తే ఇంగ్లీష్ రానివాళ్లు దాన్ని ఎలా పట్టుకుంటారు?

బటన్ నొక్కితే అదే విషయం ఇంకో భాషలో రావాలి. స్కాలర్‌షిప్ పేజీలో నొక్కితే స్కాలర్‌షిప్ పేజీయే రావాలి, హోమ్ పేజీ కాదు. సగం నింపిన ఫారం ఉంటే అది చెరిగిపోకూడదు.

జెండాలు అసలు పెట్టొద్దు. కొన్ని రెడీమేడ్ డిజైన్లలో ఉర్దూ పక్కన పాకిస్తాన్ జెండా ఉంటుంది. చూడకుండా అలాగే వదిలేస్తారు. ఉర్దూ ఈ నేల మీద పెరిగిన భాష. 2017 నవంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేస్తూ బిల్లు ఆమోదించింది. మస్జిద్ సైట్‌లోనో, బడి సైట్‌లోనో ఆ జెండా కనిపిస్తే స్క్రీన్‌షాట్ ఎక్కడికి పోతుందో, ఎవరికి తలనొప్పి అవుతుందో చెప్పనక్కర్లేదు. భాష పేరు చాలు.

గూగుల్‌లో సరైన పేజీ రావాలంటే

గూగుల్ కూడా భాషకో అడ్రస్ పెట్టమనే చెబుతుంది. దాని ప్రోగ్రామ్ మన సైట్ చదవడానికి ఎక్కువగా అమెరికా నుంచి వస్తుంది, భాషల జాబితా పంపదు. మీరు బ్రౌజర్ జాబితా చూసి భాష మారిస్తే గూగుల్‌కు ఎప్పుడూ డిఫాల్ట్ భాషే కనిపిస్తుంది. తెలుగు పేజీ ఉందని దానికి తెలియనే తెలియదు.

పేజీల మధ్య చుట్టరికం కూడా చెప్పాలి. 'హెచ్‌రెఫ్‌ల్యాంగ్' అనే గుర్తు 2011 నుంచి ఉంది. తెలుగు పేజీలో 'నా ఉర్దూ జత ఇది, ఇంగ్లీష్ జత ఇది' అని రాయాలి, తన సంగతి కూడా రాసుకోవాలి. ఉర్దూ పేజీ కూడా తిరిగి తెలుగు పేజీని చూపించాలి. ఒకరు చూపించి ఇంకొకరు చూపించకపోతే గూగుల్ పట్టించుకోదు. భాష ఎంచుకునే మొదటి పేజీకి 'ఎక్స్-డిఫాల్ట్' అనే గుర్తు పెడతారు. 'అసలు పేజీ ఇది' అని చెప్పే కెనానికల్ గుర్తు ప్రతి భాషలో ఆ భాష పేజీనే చూపించాలి. మూడింటిలో ఇంగ్లీష్ పేజీ అడ్రస్ పెడితే తెలుగు, ఉర్దూ పేజీలు వెతుకులాటలో మాయమవుతాయి.

అడ్రస్‌లో తెలుగు అక్షరాలు పెట్టాలా?

పెట్టవచ్చు, పనిచేస్తుంది. కానీ కాపీ చేసి పంపితే చాలాసార్లు పర్సెంట్ గుర్తులతో పొడుగ్గా మారిపోతుంది. ఒక్కో తెలుగు గుర్తుకు తొమ్మిది అక్షరాలు పడతాయి. గుణింతం, పొల్లు, సున్నా కూడా విడి గుర్తులే. 'రంజాన్' అనే చిన్న మాటలో అలాంటివి 6 ఉన్నాయి, అడ్రస్‌లో 54 అక్షరాలవుతుంది. ఉర్దూలో ఒక్కో అక్షరానికి ఆరు పడతాయి, అదే మాట ఉర్దూలో 5 అక్షరాలు, మొత్తం 30. పాంప్లెట్ మీద అచ్చు వేయడానికి, ఫోన్‌లో చెప్పడానికి వీలు కాదు. అందుకే భాష గుర్తు తర్వాత పేజీ పేరును చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లో, మూడు భాషలకూ ఒకటే పెట్టుకోవడం సుఖం. పేజీ లోపల శీర్షిక, వాట్సాప్‌లో కనిపించే వివరణ మాత్రం ఆ భాషలోనే ఉండాలి.

ఎస్సెమ్మెస్ ఖర్చు

చేత్తో ఎంచుకున్న భాషను ఖాతాలో కూడా రాసిపెట్టాలి, ఎందుకంటే సైట్ బయట పంపే మెసేజ్‌లు, రసీదులు కూడా అదే భాషలో పోవాలి. ఇక్కడ ఖర్చు లెక్క వేసుకోండి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీష్ అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగు, ఉర్దూ అయితే 70 గుర్తులే. అంతకు మించి పొడవైతే ఒక్కో ముక్కకు 67. అంటే 150 గుర్తుల కబురు ఇంగ్లీష్‌లో ఒకటి, తెలుగులో మూడు. అందుకని ఇంగ్లీష్‌లో పంపమని కాదు. కబురు చిన్నగా రాసి, ఆ భాష పేజీ లింక్ కింద పెట్టండి. ఆ లింక్‌లో భాష గుర్తు ఉంటుంది కాబట్టి మిగతాది పేజీ చూసుకుంటుంది.

సైట్ అప్పగించే ముందు ఇవి చూడండి

సైట్ చేయించుకునేవాళ్లు డబ్బు పూర్తిగా ఇచ్చే ముందు ఇంట్లోనే పరీక్ష పెట్టవచ్చు. రెండు ఫోన్‌లు చాలు.

1. ఒక ఫోన్‌లో తెలుగు పేజీ తెరిచి, లింక్ ఇంకో ఫోన్‌కు పంపండి. అదే పేజీ, తెలుగులోనే రావాలి.

2. రెండో ఫోన్ సెట్టింగ్స్‌లో భాష ఇంగ్లీష్ పెట్టి, మళ్లీ అదే లింక్ నొక్కండి. అప్పుడు కూడా తెలుగే రావాలి.

3. లోపలి పేజీలో ఉండి భాష మార్చండి. హోమ్ పేజీకి పోతే ఒప్పుకోవద్దు.

4. ఫారం సగం నింపి, ఒక గడి ఖాళీగా వదిలి పంపండి. 'ఇది నింపండి' అనే హెచ్చరిక ఏ భాషలో వచ్చింది?

5. ఉర్దూ పేజీలో ఫోన్ నంబర్, తేదీ, రూపాయల అంకెలు సరిగా ఉన్నాయా? ఉర్దూ చదివే పెద్దవాళ్లకే చూపించి అడగండి.

6. అనువాదం లేని పేజీ తెరవండి. ఏం కనిపిస్తోంది?

7. ఒక రూపాయి చందా కట్టి, రసీదు వచ్చిందో లేదో, ఏ భాషలో వచ్చిందో చూడండి.

8. భాష గుర్తు చోట అర్థం లేని రెండక్షరాలు కొట్టండి. 'పేజీ లేదు' అని రావాలి.

ఇందులో మొదటి రెండూ దాటితే సగం గండం గడిచినట్టే. చెల్లెలు వాడిన సైట్ మొదటి పరీక్షలోనే ఆగిపోయేది. ఈ ఏడు ఆమె మళ్లీ అప్లై చేస్తోంది. ఈసారి లింక్ పంపలేదు, లిస్టు కాగితం మీద ఉర్దూలో రాసి అబ్బా జేబులో పెట్టింది. సైట్ చేయాల్సిన పని అది.